పెద్దింటికి పిందెల గుత్తి

తెల్లవారుజాము నాలుగున్నర. నూజివీడు ఊరు దాటి కాస్త లోపలికి వస్తే మా తోట. ఈ చీకట్లో చెట్లు కనపడవు, వాసనొక్కటే తెలుస్తుంది. ఫాల్గుణం కదా, ముందు పూసిన కొమ్మల్లో గోళీలంత పిందెలు నిలిచాయి. వెనక పూసిన కొమ్మల్లో ఇంకా పూతే ఉంది. ఆ పూత వాసన తియ్యగా, కాస్త జిగటగా ముక్కులో నిలుస్తుంది. గాలి ఇటు తిరిగిందంటే దాని మీద ఇంకో వాసన వచ్చి కూర్చుంటుంది. మా ఆయన మందు కలుపుతున్నాడు. తేనెమంచు పురుగు మళ్లీ దిగింది, ఎండెక్కకముందే కొట్టెయ్యాలి. మొహానికి తువ్వాలు చుట్టుకుని కర్రతో డ్రమ్ము కలియతిప్పుతుంటే టార్చి వెలుగులో నీళ్లు పాలలాగా తెల్లబడుతున్నాయి.

అరుగు మీద మా అత్తయ్య అప్పటికే తయారై కూర్చుంది. పసుపుపచ్చ నేతచీర, తడి జుట్టుకు ముడి. పక్కన గంపలో కొబ్బరికాయలు, పసుపు కుంకుమ పొట్లాలు, జాకెట్టు ముక్క, డజను గాజులు, కొత్తబియ్యం, బెల్లం. ఖాళీ స్టీలు క్యానొకటి. డెబ్భై దాటిన మనిషి, మోకాళ్ల నొప్పులు. అయినా ఏడాదికి ఈ ఒక్కరోజు ఆమెను ఆపేవాళ్లు లేరు.

"అమ్మాయ్, పిందెల గుత్తి కొయ్యి. బంగినపల్లివి కాదు. వాగు గట్టు మీద చెట్టువి."

వాగు గట్టున ఉన్నది అంటు కాదు. ఎవరో తిని పారేసిన టెంక మొలిచి చెట్టయింది. పీచు రసం కాయ కాస్తుంది. బేరగాళ్లు దానివంక చూడను కూడా చూడరు. అమ్మకానికి పనికిరాని చెట్టుకి మందెవడు కొడతాడు? అత్తయ్యకు కావలసింది అదే. మందు తగిలిన కాయ అమ్మకి పెట్టకూడదు. ఎనిమిది పిందెలున్న గుత్తిని కాడతో తుంచి, తడిగుడ్డలో చుట్టి గంపలో పెట్టాను. చేతులకు జీడి అంటుకుంది.

ఆ చెట్టు కింద నుంచి ఒక వాగు పోతుంది. వానాకాలంలో తప్ప దాన్ని వాగు అనడానికి నోరు రాదు. ఇప్పుడైతే రాళ్ల మధ్య చారెడు నీళ్లు. మేం డ్రమ్ములు కడిగేది ఇక్కడే. నేనూ ఎన్నోసార్లు కడిగాను. ఆ నీళ్లు ఎటు పోతాయని పెళ్లయి వచ్చిన కొత్తలో అత్తయ్యను అడిగితే ఒక్కమాటలో చెప్పింది: "మా పుట్టింటికి."

ఆమె పుట్టింది కొల్లేటి అంచున, ఆలపాడు వైపు. చేపల పల్లెలో పుట్టి మామిడి మెట్టకు కోడలిగా వచ్చింది. ఈ రోజు మనం వెళుతున్నది ఆ దారినే, నీళ్లు దిగినట్టే దిగుకుంటూ, కొల్లేటికోట పెద్దింట్లమ్మ దగ్గరికి.

*

నూజివీడు బస్టాండులో మొదటి బస్సు. కిటికీ పక్కన కూర్చోండి, ఈ దారి చూడవలసిన దారి. ఊరు దాటగానే రెండువైపులా తోటలు. తెల్లారుతున్న కొద్దీ మట్టి రంగు తేలుతుంది. ఎర్రమట్టి, గరుకు మట్టి, నీళ్లు పోస్తే నిలవకుండా జారిపోయే మట్టి. మామిడికి అదే కావాలి, వేళ్ల దగ్గర నీళ్లు నిలిస్తే అది ఓర్చుకోలేదు. బంగినపల్లి, కలెక్టరు, సువర్ణరేఖ, పెద్దరసం, అన్నింటికంటే మా ఊరి పేరు చెప్పుకునే చిన్నరసం, వీటన్నింటి రుచీ ఈ నిలవని నీటి పుణ్యమే. కానీ మన కాళ్ల కింద నిలవని నీరు ఎక్కడో ఒకచోట నిలవాలి కదా.

ఈ మెట్ట మీద పడ్డ వాన మూడు నాలుగు పేర్లతో కిందికి దిగుతుంది. రామిలేరు, తమ్మిలేరు, అటు మైలవరం కొండల వైపు నుంచి బుడమేరు. ఏ పేరుతో దిగినా చేరే చోటు ఒకటే, కొల్లేరు. కృష్ణా డెల్టాకీ గోదావరి డెల్టాకీ మధ్య పల్లం అది. రెండు పెద్ద నదులూ వేల ఏళ్లుగా ఒండ్రు పోసుకుంటూ చెరోవైపు మెరక చేసుకుంటే మధ్యలో మిగిలిన గిన్నె. ఆ గిన్నె నిండి పొర్లితే సముద్రానికి దారి ఒక్క ఉప్పుటేరే.

పన్నెండు రోజుల కిందట శివరాత్రికి మేం బలివే వెళ్లాం. ముసునూరు మండలంలో, తమ్మిలేరు ఒడ్డున రామలింగేశ్వరుడి గుడి. చుట్టుపక్కల జనమంతా అక్కడ ఏట్లో మునుగుతారు. అత్తయ్య లెక్క ఒకటుంది. మాఘం చివర శివరాత్రి, మర్నాడు అమావాస్య, ఆ మర్నాడు ఫాల్గుణ పాడ్యమి, పెద్దింట్లమ్మ జాతర మొదలు. "బలివేలో మనం మునిగిన నీళ్లు బయల్దేరి జాతరకి అమ్మ దగ్గరికి పోతాయి. మనకంటే ముందు పోతాయి. అందుకని మనం కూడా పోవాలి." ఆ ఏటిలో ఇప్పుడు అంత పారుదల ఉందా అని నేను ఎన్నడూ ఎదురు మాట్లాడలేదు. నీటికి దారి తెలుసన్నది నిజమే. ఎన్ని రోజులకు చేరుతుందన్నది నాకంత ముఖ్యం అనిపించలేదు.

హనుమాన్ జంక్షన్‌లో దిగి గుడివాడ బస్సెక్కాం. హైవే దాటిన కాసేపటికే మట్టి నల్లబడింది. తోటలు పలచబడి, మినుము పీకేసిన చేలు, అక్కడక్కడ దాళ్వా పచ్చ. గుడివాడలో ఇడ్లీ తిని మళ్లీ బస్సు. ముదినేపల్లి వైపు వచ్చేసరికి చేలు పోయి చెరువులొచ్చాయి. ఇక కైకలూరు దాకా చెరువులే. గట్ల మీద కొబ్బరి చెట్లు, నీళ్లలో తిరిగే ఏరియేటర్లు, గుంజలకు వేలాడదీసిన మేత సంచులు. తవుడు నింపిన ఆ సంచులకు చిల్లులుంటాయి. చేప వచ్చి మూతితో పొడుచుకుని తింటుంది. రోడ్డు పక్కన ఐస్ దంచుతున్నారు. బొచ్చె, శీలావతి పెట్టెలకెత్తి లారీలో వేస్తున్నారు. ఈ లారీ బెంగాలుకో అస్సాముకో పోతుంది. మా మామిడి లారీలూ అంత దూరమే పోతాయి. ఒకే నీళ్లు మెట్టన కాయై, పల్లంలో చేపై పరదేశం పోతున్నాయని అనిపించింది. అత్తయ్యకు చెబితే చేపల పెట్టెల వంక చూసి, "ఇవి మేతకి పెరిగినయి. ఏరుకి పెరిగిన చేప వేరే" అంది.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు కృష్ణా జిల్లా నుంచి మా నూజివీడు, ఈ కైకలూరు రెండూ ఏలూరు జిల్లాలోకి వచ్చాయి. మా వైపు కొందరికి అది కష్టంగానే తోచింది. అత్తయ్య మాత్రం తన అత్తిల్లూ పుట్టిల్లూ మళ్లీ ఒకే జిల్లాలో ఉన్నాయని ఊరుకుంది.

*

కైకలూరులో షేర్ ఆటో ఎక్కాం. తొమ్మిది మందిమి, మూడు గంపలు, కాళ్లు కట్టిన ఒక కోడిపుంజు. ఆటపాక వైపు ఆకాశంలో గూడబాతులు తిరుగుతున్నాయి. అంత బరువైన పిట్ట అంత తేలిగ్గా ఎలా తిరుగుతుందో. ఆలపాడు రాగానే అత్తయ్య ముందుకు వంగింది. ఒక రాగిచెట్టును, ఒక పెంకుటింటిని, మంచినీళ్ల చెరువును చూపించి, "అదుగో, అదుగో" అంది. అక్కడేముందో చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఊరు దాటాక లోకం చదునైపోతుంది. మీరు మెట్ట మనుషులైతే ఇక్కడ కాస్త కళ్లు తిరుగుతాయి, ఆనుకోవడానికి ఒక కొండ లేదు, ఒక చెట్ల గుబురు లేదు. మనిషి ఎత్తున కిక్కిస గడ్డి. దాని వెనక నీళ్లు, నీళ్లలో గుర్రపుడెక్క, ఊదారంగు పూలు. నీరు వెనక్కి తగ్గిన చోట నెర్రెలిచ్చిన బురద, బురదలో గేదెలు, గేదెల మీద కొంగలు. ఒకప్పుడు ఇక్కడికి పడవ తప్ప దారి లేదట. పెళ్లికూతురుగా అత్తయ్య ఈ నీళ్ల మీద పడవలో వచ్చి అమ్మకు మొక్కి, అట్నుంచి అటే మెట్టకు బండెక్కింది.

దూరం నుంచే డప్పు వినిపిస్తుంది. నీటి మీద శబ్దం సాగి వస్తుంది కదా, ఎక్కడో పక్కనే కొడుతున్నట్టుంటుంది. అప్పుడు గోపురం. దాని ముందు రంగులరాట్నం, గాజుల కొట్లు, జీళ్లు, ఖర్జూరాలు, ప్లాస్టిక్ బూరలు. పొయ్యిల పొగ. ఎక్కడ చూసినా మూడు రాళ్లు, ఒక కుండ, ఒక కుటుంబం. వేడి నైవేద్యం ఇక్కడే వండి, పొంగినది పొంగినట్టే అమ్మకు చూపించాలి. ఇంటి దగ్గర వండుకొచ్చింది చెల్లదు.

గుడికి ముందు రేవు. అత్తయ్య గంప నా చేతికిచ్చి, మెట్లు పట్టుకుని దిగి, పాదాలు కడుక్కుంది. చేతులు కడుక్కుంది. దోసిలిలో నీళ్లు తీసి నోరు పుక్కిలించి పక్కకు ఊసింది. కాసిని నెత్తిన చల్లుకుంది. ఆ వరస చూస్తుంటే నాకు ఎప్పుడో చదివిన జపాన్ చేపల పల్లె గుడి గుర్తొచ్చింది. అక్కడ షింటో గుడి వాకిట్లో రాతి తొట్టి ఉంటుంది, దాని మీద గరిటె. ముందు ఎడమచెయ్యి, తర్వాత కుడిచెయ్యి, తర్వాత నోరు. ఆ తర్వాతే దేవుడి ముఖం. అక్కడి జాలర్ల దేవుడు ఎబిసు, చేతిలో గాలం, చంకలో ఎర్రచేప. నీళ్లమీద కొట్టుకొచ్చిన వస్తువును కూడా వాళ్లు ఎబిసు అనే పిలుస్తారట. నీరు తెచ్చింది ఏదైనా దేవుడు పంపిందే. ఈ రేవులో నిలబడితే అది వింతగా తోచదు. నీటి మీద బతికే మనుషులకు నీటి దగ్గర ఉండవలసిన వినయం ఎవరూ నేర్పనక్కర్లేదేమో.

క్యూలో గంటన్నర. ముందు ఒక కొత్త జంట, వెనక చంటిపిల్లకు పుట్టువెంట్రుకలు తీయించిన కుటుంబం. పిల్ల గుండుకు గంధం. పక్కన ఒకావిడ వంటి మీదికి అమ్మ వచ్చి ఊగుతుంటే, ఇంకో ఇద్దరు పట్టుకుని, "ఏం కావాలి తల్లీ" అని అడుగుతున్నారు. అత్తయ్య వెనక్కి తిరిగి ఆమెకు కూడా దణ్ణం పెట్టింది.

ఇదుగో, గడప. లోపల వేడి, నూనె, పసుపు, నలిగిన పూల వాసన. తల ఎత్తండి. ముందు కళ్లు కనపడతాయి. మిగతా అమ్మ తర్వాత కనపడుతుంది. ఆ కళ్ల వైశాల్యం చెప్పాలంటే కొల్లేటి మనుషుల మాటే చెప్పాలి: చేప కన్ను. రెప్ప వాల్చదు. ఈమెను జలదుర్గ అని కూడా అంటారు. ఈ జాతరలోనే జలదుర్గకూ గోకర్ణేశ్వరస్వామికీ కల్యాణం చేస్తారు. కానీ చుట్టూ ఉన్న జనం నోట ఆ పెద్దపేరు వినపడదు. "పెద్దింటమ్మా" అంటారు. పెద్దింట్లో ఉండే అమ్మ. కష్టం వస్తే ఎవరింటికి పోతాం? పెద్దింటికి పోతాం.

అత్తయ్య చీరకొంగు నిలువునా కప్పుకుని గంప ఇచ్చింది. పూజారి పిందెల గుత్తిని చేతిలోకి తీసుకుని ఒక్క క్షణం ఆగాడు. ఇక్కడికి నిమ్మకాయలొస్తాయి, గుమ్మడికాయలొస్తాయి. పిందెలతో ఉన్న మామిడి గుత్తి అరుదు. "నూజివీడా?" అన్నాడు. అత్తయ్య తల ఊపింది. అమ్మ పాదాల దగ్గర పెట్టి, నాలుగు పిందెలు తుంచి వెనక్కి ఇచ్చాడు. ముందున్న వాళ్లు తోస్తున్నారు, వెనకవాళ్లు తోస్తున్నారు, ఇక బయటికే. నేను ఏం మొక్కుకోవాలనుకున్నానో అది మర్చిపోయాను. ఆ కళ్లే గుర్తున్నాయి.

*

గుడి పక్కనుంచి పారే పాయ పేరు పేరంటాల కనుమ. దాని మెట్ల మీద కూర్చుని నైవేద్యం తిన్నాం. అత్తయ్య ఈ కథ ప్రతిసారీ చెబుతుంది, ప్రతిసారీ ఒకే గొంతుతో. కొల్లేటికోట నిజంగానే కోట. ఒడ్డెదేశపు గజపతులది. శత్రువు సైన్యం గట్టున, చిగురుకోటలో దిగింది. చుట్టూ నీళ్లుండగా కోట పట్టుబడదు. అందుకని వాళ్లు ఉప్పుటేరు తవ్వి సరస్సు నీళ్లు సముద్రంలోకి వదిలెయ్యాలని చూశారు. లోపలున్న సేనాపతి గెలుపు కోసం దేవతలకు తన కూతుర్నే బలి ఇచ్చాడు. ఆ పిల్ల పేరంటాలయింది. కాలువకు ఆమె పేరు నిలిచింది.

ఈ కథ వింటే నాకు ఆ తండ్రి మీద కోపం వస్తుంది, ఇప్పటికీ. కానీ కథలో ఒక నిజం ఉంది, అది ఇక్కడి వాళ్లందరికీ తెలుసు: కొల్లేటిని గెలవాలంటే కొల్లేటి నీళ్లు తీసెయ్యాలి. ఈ లంకల్లో చేపలు పట్టి బతికే వడ్డీలు తమ పూర్వులు ఆ గజపతుల సేన వెంట ఒడ్డెదేశం నుంచి వచ్చారని చెప్పుకుంటారు. కోట పోయింది, రాజులు పోయారు. నీళ్లనూ అమ్మనూ పట్టుకుని వీళ్లు మిగిలారు.

మా అత్తయ్యకు వరసకు తమ్ముడయ్యే ఆయన దోనె తీసుకొచ్చాడు. పాతకాలం తాటిదోనె కాదు, ఇప్పుడు అవి ఎక్కడా లేవంటాడు. రేకు పడవ. గెడ మాత్రం వెదురుదే. "ఎక్కమ్మా అమ్మాయ్, అడుగు మధ్యలో వెయ్యి" అన్నాడు. అత్తయ్య చెప్పించుకోకుండానే మధ్యలో అడుగేసి కూర్చుంది. మోకాళ్ల నొప్పి ఏమైందో తెలియదు.

కనుమలోంచి కాస్త వెడల్పులోకి వచ్చాం. డప్పు వెనకబడింది. గెడ నీటి అడుగు తగిలినప్పుడల్లా బుడగలు పైకొచ్చి కుళ్లిన ఆకు వాసన వదులుతున్నాయి. లోతు నా నడుము దాటదు. ఇంత పెద్ద సరస్సు ఇంత పలచన! మెట్ట నుంచి నీళ్లు దిగితే పెరుగుతుంది, ఎండాకాలం ముదిరితే తరుగుతుంది, ఊపిరి పీల్చి వదిలినట్టు.

ఒకచోట వెదురు గుంజల వరస, వాటి మధ్య మావులు. చేప లోపలికి పోగలదు, తిరిగి రాలేదు. ఆయన ఒక మావు ఎత్తి చూపించాడు. నాలుగు జెల్లలు, ఒక మట్టగిడస, అరచేతంత కొర్రమేను పిల్ల. కొర్రమేను పిల్లను తిరిగి నీళ్లలో వదిలేశాడు. "జాతర రోజులు. అమ్మకి పిల్లలతో పనిలేదు."

ఆయన మాటలు రాసుకోవాలని పుస్తకం తెచ్చాను గానీ తడిచేత్తో రాయలేకపోయాను. గుర్తున్నంతవరకు చెబుతాను.

"శ్రావణంలో పైన వాన పడిద్ది. ఇక్కడ చినుకు ఉండదు. రెండు మూడు రోజులకి నీళ్ల రంగు మారుద్ది. ఎర్రనీళ్లు. అది మీ మట్టే అమ్మాయ్, నూజివీడు మట్టి. ఎర్రనీళ్లు రాగానే చేప ఎదురెక్కుద్ది. దానికెట్ట తెలుసుద్దో. మా నాయన ఎర్రనీళ్లకి కొబ్బరికాయ కొట్టి వల దించేవోడు. కొత్తనీళ్లు వచ్చినయ్యంటే మాకు సంకురాత్రి."

"ఇప్పుడో?" అన్నాను.

ఆయన గెడ ఆపాడు. "ఇప్పుడు మొదటినీళ్లకి వల దించం. రెండోనీళ్లు వచ్చిందాకా ఆగుతాం. మొదటినీళ్లు చేదు."

చేదు ఒక్క మా తోటలదే అనుకుంటే అది కూడా అహంకారమే అవుతుంది. ఏలూరు మురుగు ఇందులోకే, డెల్టా వరిచేల మందూ ఎరువూ ఇందులోకే, చేపల చెరువులు తోడి వదిలిన నీళ్లూ ఇందులోకే. 2024 సెప్టెంబరులో బుడమేరు గండి పడి బెజవాడ కాలనీలను ముంచింది గుర్తుందా, ఊరు ఊరంతా టీవీల ముందు కూర్చున్నాం. టీవీలు వెళ్లిపోయాక ఆ నీళ్లు ఎటుపోయాయని ఎవరూ అడగలేదు. ఇక్కడికే వచ్చాయి, ఈ లంకల మీదికి. కొల్లేటి నీళ్లలోనూ చేపల్లోనూ పురుగుమందుల అవశేషాలున్నాయని పరిశోధకులు ఏళ్ల కిందటే పరీక్షించి చెప్పారు. నేను ఆ సంగతి పేపర్లో చదివి పక్కన పెట్టిన మనిషిని. చేదు అన్న ఆ ఒక్కమాట పక్కన పెట్టలేకపోయాను. ఇంకా చేతులకు జీడి జిగట వదల్లేదు. డ్రమ్ము కడిగిన చేతులే ఇవి.

ఆయన తన కష్టాలు వేరే చెప్పాడు. 1976లో సర్కారే సొసైటీలు పెట్టించి చెరువులు తవ్వించింది. తర్వాత డబ్బున్నవాళ్లు దిగారు, గట్లు సరస్సు నడుమకు వచ్చాయి. 1999లో ఐదో కాంటూరు దాకా, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత దాకా, అభయారణ్యం అన్నారు, 308 చదరపు కిలోమీటర్లు. 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలోకి ఎక్కింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు, గట్లు పేల్చేశారు. పెద్దవాళ్ల గట్లతోపాటు సొసైటీల గట్లూ తెగాయి. మూడో కాంటూరుకు తగ్గించమని 2008లో అసెంబ్లీ తీర్మానం చేసింది. ఆ మాట ఇంకా మాటగానే ఉంది. "పిట్టలకి నీళ్లుండాల, ఒప్పుకుంటా. మాక్కూడా ఉండాలగా" అన్నాడు. నా మటుకు నాకు ఈ రెండూ వేరు వేరు న్యాయాలుగా కనపడలేదు. పిట్టకూ వడ్డికీ కావలసింది ఒకటే, పైనుంచి తాగదగ్గ నీళ్లు రావడం.

జపాన్‌లోనే జరిగిన ఒక సంగతి ఆయనకు చెప్పాను. ఈశాన్య తీరాన కెసెన్నుమ అనే చేపల రేవు. అక్కడ హతాకెయమ షిగెయత్సు అని ఆల్చిప్పలు పెంచే జాలరి. అఖాతంలో నీళ్లు చెడి, ఎర్రటి పాచి పట్టి, ఆల్చిప్పలు పాడవుతుంటే ఆయన సముద్రం వైపు కాక ఏటి వెంబడి వెనక్కి చూశాడు. 1989లో తోటి జాలర్లను వెంటబెట్టుకుని, ఆ ఏరు పుట్టే వైపున్న మురోనే కొండకెళ్లి మొక్కలు నాటాడు. చేపల జెండాలు కొండమీద ఎగరేశారు. అడవి సముద్రానికి ప్రేయసి అన్నది వాళ్ల నినాదం. పైవాళ్లు, కిందివాళ్లు కలిసి ఏటేటా నాటుతూ వచ్చారు. 2011 మార్చి సునామీ ఆ రేవును తుడిచిపెట్టింది, ఆయన తల్లినీ తీసుకుపోయింది. ఆ ఏడాది కూడా మొక్కలు నాటారు. ఆ మురోనే కొండ మీద షింటో గుడి ఉంది. దాని పెద్ద ఉత్సవానికి కిందనుంచి జాలర్లు సముద్రపు నీళ్లు ముంచి పైకి పంపుతారు. కొండ నీళ్లు సముద్రానికి దిగడం ఎవరు పంపినా పంపకపోయినా జరిగేదే. సముద్రపు నీళ్లను కొండకు ఎక్కించాలంటే మాత్రం మనిషి మొయ్యాలి.

ఆయన అంతా విని, "మరి మీవోళ్లు ఇక్కడికి రారు, మావోళ్లు అక్కడికి రారు" అన్నాడు. అత్తయ్య వంక చూసి, "అక్క ఒక్కతే తిరుగుద్ది" అన్నాడు.

అత్తయ్య మా మాటలు వింటున్నదో లేదో. దోనె అంచు మీదికి వంగి, స్టీలు క్యాను నీళ్లలో ముంచి నింపుతోంది. ఏటా ఇంతే. ఈ నీళ్లు ఇంటికి తెచ్చి వాగు గట్టు చెట్టు మొదట్లో పోస్తుంది. ఇన్నేళ్లూ అది ముసలావిడ మొక్కు అనుకున్నాను. మూత బిగించి, తడిచెయ్యి కళ్లకద్దుకుని, పూజారి తిరిగిచ్చిన నాలుగు పిందెల్లో రెండు నీళ్లలో వదిలింది. అవి మునిగి, మళ్లీ తేలి, దోనె పక్కనే కాసేపు తచ్చాడాయి.

*

తిరుగుదారిలో క్యాను నా ఒళ్లో ఉంది. కైకలూరు, గుడివాడ, జంక్షన్. నల్లమట్టి పోయి ఎర్రమట్టి వచ్చేసరికి పొద్దు వాలింది. అత్తయ్య కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. కుదుపు వచ్చినప్పుడల్లా ఆమె చెయ్యి నిద్రలోనే క్యాను మూతను తడిమి చూసుకుంటోంది.

తోట చేరేసరికి దీపాలు పెట్టే వేళ. పొద్దున్న కొట్టిన మందు వాసన ఆకుల మీద ఎండిపోయి, ఇప్పుడు పూత వాసనే పైకి తేలింది. అత్తయ్య చెప్పులు అరుగు దగ్గర వదిలి, ఎవరితోనూ మాట్లాడకుండా నేరుగా వాగు గట్టుకు నడిచింది. నేను క్యాను పట్టుకుని వెనక. చెట్టు మొదట్లో వంగి, కొల్లేటి నీళ్లు చుట్టూ తిప్పి పోసింది. ఆ నీళ్లు పచ్చటి నలుపు. ఎర్రమట్టి గుటకేసినట్టు పీల్చేసింది.

అప్పుడే మా ఆయన తోట ఆ చివర రెండో విడత మందు కొట్టడం అయి, డ్రమ్ము భుజానికెత్తుకుని వచ్చాడు. అడుగున నాలుగు వేళ్ల మందం తెల్లనీళ్లు మిగిలాయి. ఎప్పటిలాగే వాగు మీదికి వంచబోయాడు.

"ఆగండి, అందులో పొయ్యొద్దు" అన్నాను.

అత్తయ్య ఖాళీ క్యాను పట్టుకుని నిలబడి మా ఇద్దరినీ చూస్తోంది. మా ఆయన వంచిన డ్రమ్మును అట్లాగే పట్టుకుని, తువ్వాలు దించి నా వంక చూశాడు. ఆ మొహంలో కోపం లేదు, నిజంగానే తెలియక అడిగాడు.

"మరి ఎక్కడ పొయ్యను?"